డెల్బర్ట్ కడగని కప్పు

డెల్బర్ట్ స్టూకీ దేన్నీ తుడవడు. ఇంకొకళ్ళు తుడుస్తుంటే చూడలేడు. మనిషి రోజూ స్నానం చేస్తాడని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళు మొదట అడిగేది అదే. శుభ్రం ఆ స్నానం వరకే. ఆయన కారుకి, కొట్టు కిటికీకి, గల్లా బల్లకి, కాఫీ కప్పుకి నీళ్ళ మొహం తెలియదు. ఎవరైనా చేతిలో గుడ్డ పట్టుకుని వాటివైపు ఒక్క అడుగు వేశారంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే మనం ఎలా పరిగెడతామో అలా వచ్చి అడ్డం నిలబడతాడు. "తుడవొద్దు," అంటాడు. ఆ పైన వాదన ఉండదు.

ఆయనది పాత నాణేల కొట్టు. ఇండియానాలో మా పైక్‌ఫర్డ్ మెయిన్ స్ట్రీట్ మీద, మందుల షాపుకీ నాకూ మధ్యన ఉంటుంది. నాకూ అంటే నా లాండ్రీకి. ఊళ్ళో ఇన్ని కొట్లుండగా, మురికి వదిలించడమే బతుకుతెరువైన నన్నూ, మురికిని కాపాడడమే వ్రతంగా పెట్టుకున్న ఆయన్నీ ఒకే గోడకి అటూ ఇటూ కూర్చోబెట్టాడు దేవుడు. ఆ రోజు ఆయనకి వేరే పనేమీ లేదనుకుంటాను. నా పేరు నోరీన్. డెల్బర్ట్ మాత్రం నన్ను సబ్బు అనే పిలుస్తాడు.

ఈ పిచ్చికి మూలం ఆయన వ్యాపారంలోనే ఉంది. నాణేల వాళ్ళ లోకంలో క్షమాపణ లేని పాపం ఒక్కటే, నాణేన్ని తోమడం. పాత నాణేనికి వాళ్ళు ఒకటి నుంచి డెబ్భై దాకా నంబరు వేస్తారు. బొమ్మంతా అరిగిపోయి ఉత్త బిళ్ళ మిగిలితే ఒకటి. టంకశాలలోంచి అప్పుడే ఊడిపడ్డట్టు, ఒక్క గీత కూడా లేకుండా ఉంటే డెబ్భై. ఏళ్ళు గడిచే కొద్దీ రాగి మీదా వెండి మీదా ఒక రంగు కమ్ముకుంటుంది చూశారూ, మనకది మురికి, వాళ్ళకది ప్రాణం. దాన్ని ఒక్కసారి తోమారంటే ఎంత అపురూపమైన నాణేనికైనా ఇక నంబరన్నదే లేదు. నంబర్ల విషయంలో డెల్బర్ట్ మరీ పిసినారి. ఆయన చేతి మీదుగా అరవై ఏడు దాటిన నాణెం ఇంతవరకూ లేదు.

ఇదంతా నాణేలతో ఆగిపోతే ఊరికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆయన కారు అసలు రంగు ఆకుపచ్చని కొందరు, నీలమని కొందరు అంటారు. వానలో తడిస్తే పోదా అని నేనొకసారి అడిగాను. వాన దానంతటది వస్తుందనీ, నేను బక్కెట్టు పట్టుకుని వస్తాననీ, రెండింటికీ తేడా తెలియని మనిషితో మాట్లాడి లాభం లేదనీ అన్నాడు. చర్చిలో ఇత్తడి దీపస్తంభాలు తోమిద్దామని కమిటీ వాళ్ళు తీర్మానం చేస్తే, ఆదివారం ప్రార్థన మధ్యలో లేచి నిలబడి అభ్యంతరం చెప్పాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి, "పీకితే పీకు, తోమొద్దు," అన్నాడట. డాక్టరు మా లాండ్రీలోనే బట్టలు ఉతికించుకుంటాడు, కాబట్టి ఇది నమ్మదగిన కబురే.

అన్నింటికీ మించింది కాఫీ కప్పు. ఆయన ఎక్కడికి వెళ్ళినా అది చేతిలో ఉంటుంది. కొట్టు తెరిచిన రోజున కొన్నాడట, అప్పటినుంచి కడగలేదు. లోపల పొర మీద పొర పేరుకుని, పెద్ద కప్పులో చిన్న కప్పు పెట్టినట్టు ఉంటుంది. అందులో పట్టే కాఫీ ఏటేటా తగ్గిపోతోంది. కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య పాపం తెలియక, కొట్టులోకి వచ్చినప్పుడు ఆ కప్పు తీసుకుని సింకు వైపు నడిచింది. డెల్బర్ట్ ఆవిడ చేయి పట్టుకోలేదు, కేక వేయలేదు. కుర్చీలో కూలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడంతే. ఆవిడ కప్పు అక్కడ పెట్టేసి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

మా ఇద్దరికీ రోజూ ఒక పూట యుద్ధం తప్పదు. జనం జేబుల్లో చిల్లర మర్చిపోయి బట్టలు వేస్తారు, నా మెషిన్లలోంచి వాటిని ఏరి ఒక గిన్నెలో వేస్తాను. డెల్బర్ట్ ప్రతి సాయంత్రం వచ్చి, ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినవాడిలా ఆ గిన్నె పక్కన కూర్చుంటాడు. ఒకసారి యుద్ధ కాలంలో, రాగి కరువై, ఉక్కుతో వేసిన పెన్నీ, అంటే ఒక సెంటు బిళ్ళ, అందులో దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు.

"ఎన్నిసార్లు తిప్పావు?" అన్నాడు.

"ఒక్కసారే. వేడి నీళ్ళలో."

"నీకు రాత్రిళ్ళు నిద్రెలా పడుతుంది సబ్బూ?"

నాకు గ్రేవీ అని ఒక కుక్క ఉండేది. పొట్టి కాళ్ళు, పొడుగు చెవులు, బీగిల్ జాతిది. పొద్దున్నే నేను లాండ్రీ తాళం తీయగానే వాడు పక్క కొట్టుకి వెళ్ళి గాజుకి మొహం ఆనించి కూర్చునేవాడు. ఈ కుక్క తన వ్యాపారం చెడగొడుతోందని డెల్బర్ట్ రోజూ ఫిర్యాదు. పశువుల డాక్టరేమో వాడు లావైపోతున్నాడు, తిండి తగ్గించమని నన్ను తిట్టేవాడు. నేను తగ్గించిన కొద్దీ వాడు ఎలా లావెక్కాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. డెల్బర్ట్ జేబులోంచి వేయించిన బేకన్ మాంసం వాసన రావడం గమనించేదాకా. వాడు ముసలివాడై రెండు చలికాలాల క్రితం పోయాడు. వాడి సంగతి వస్తే డెల్బర్ట్, "మంచిదే, గాజు మీద ఆ ఊపిరి ఆవిరి తప్పింది," అన్నాడు. నేను నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఊళ్ళో నాణేల క్లబ్బు ఒకటి ఉంది. అందులో డెల్బర్ట్‌కి ప్రాణస్నేహితుడు క్లీట్ గ్రబ్. జీవితమంతా స్కూలు బస్సు నడిపాడు. వచ్చిందంతా ఇండియన్ హెడ్ పెన్నీల కోసం ఖర్చు పెట్టాడు. పూర్వకాలపు రాగి పెన్నీలవి, ఈకల కిరీటం పెట్టుకున్న తల ఉంటుంది వాటి మీద. ఆ రకం వేసిన ప్రతి సంవత్సరానికీ ఒకటి చొప్పున కూడబెట్టాడు క్లీట్. అందులో 1877 నాటిది దొరకడం మహా కష్టం. అదీ సంపాదించాడు. ఆ పెన్నీలన్నీ ముదురు గోధుమ రంగులో నునుపుగా, చాక్లెట్టు బిళ్ళల్లా ఉండేవట. ఆయనా డెల్బర్టూ ఒక్కొక్కదానికి నంబరెంత అని గొంతులు బొంగురుపోయేదాకా పోట్లాడుకునేవారు. క్లీట్ భార్య ఐవా మాత్రం జీవితమంతా ఆయన్ని ఆటపట్టించింది. నేలమాళిగలో కూర్చుని నల్ల పైసలు లెక్కపెట్టుకునే మొగుడు నాకే దొరికాడని చర్చిలో అందరికీ చెప్పి నవ్వేది.

క్లీట్ జనవరిలో పోయాడు. వసంతంలో క్లబ్బు వాళ్ళు ఫైర్ స్టేషన్ హాలులో ఏటా పెట్టే ప్రదర్శనలో, ఈసారి క్లీట్ పెన్నీలకి విడిగా ఒక బల్ల ఇద్దామనుకున్నారు. ఐవా బట్టలు ఇవ్వడానికి వచ్చి నాకా మాట చెప్పి ఏడ్చింది. బతికుండగా ఆయన నాణేల గురించి తనెప్పుడూ ఒక మంచి మాట అనలేదని, ఆ హాలులో పదిమందీ ఆయన్ని మెచ్చుకుంటుంటే ఒక్కసారి చెవులారా వింటే చాలని అంది. ఆవిడకి కావలసింది అంతే.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఐవా వచ్చింది. నీలం గౌను, ముత్యాల దండ, చేతుల్లో తువ్వాలు కప్పిన గాజు పెట్టె. నేను వంటగది వైపు, వచ్చినవాళ్ళకి పెట్టడానికి, పళ్ళ గుజ్జు నింపి కాల్చిన పైలు కోస్తున్నాను. క్లబ్బు అధ్యక్షుడు లైల్ ఎదురెళ్ళి పెట్టె అందుకుని బల్ల మీద పెట్టాడు. ఐవా క్లీట్ బస్సు టోపీ పక్కన పెట్టి, తువ్వాలు తీసింది.

హాలులో వెలుతురు పెరిగినట్టనిపించింది. పెట్టెలో ఉన్న పెన్నీలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, ఇప్పుడే తోమి బోర్లించిన రాగి గిన్నెల్లా గులాబి రంగులో ధగధగలాడుతున్నాయి. లైల్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన వెనక ఉన్న ఇద్దరు టోపీలు తీసేశారు. ఎవరైనా పోయినప్పుడు తీస్తాం కదా, అలాగ.

"అన్నీ ఎంత నల్లగా ఉండేవో," అంది ఐవా సంబరంగా. "పాపం ఆయనకి తోముకునే తీరిక ఎప్పుడు దొరికింది కనక. వారం పట్టింది నాకు. వెనిగరూ ఉప్పూ, ఆ పైన టూత్‌పేస్టు. ఆ 1877 దొకటి మహా మొండిది. గిన్నెలు తోమే పొడి వేస్తే గానీ దారికి రాలేదు."

లైల్ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. తర్వాత తేరుకుని, బాగా మెరుస్తున్నాయమ్మా అన్నాడు. మిగతావాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు, చాలా మెరుస్తున్నాయని ఒప్పుకున్నారు. అబద్ధమాడిన వాళ్ళెవరూ లేరు. ఐవా అందరితో చేతులు కలిపి, టోపీని కాస్త పక్కకి సర్ది, బల్ల వెనక కుర్చీలో రాణిలా కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది మా అందరికీ. ప్రదర్శనకి న్యాయనిర్ణేత డెల్బర్ట్.

టీ చెంచా తుడిస్తే భోజనం మానేసే మనిషి. క్లీట్ పెన్నీలని కన్నబిడ్డల్లా చూసిన మనిషి. నోరు తెరిచి ఒక్క మాట అన్నాడంటే ఐవాకి తెలిసిపోతుంది, మొగుడి జీవితమంతా వారం రోజుల్లో తన చేత్తోనే తోమి పారేసిందని. లైల్ మమ్మల్ని వంటగదిలోకి పిలిచి, సాయంత్రం దాకా డెల్బర్ట్‌ని ఆ బల్ల వైపు వెళ్ళనివ్వకూడదన్నాడు. ఎలాగని అడిగితే, పైలు తినిపించమన్నాడు.

డెల్బర్ట్ కప్పు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నేను ఆపిల్ పై ముక్క పెట్టాను. తిన్నాడు. చెర్రీ పై పెట్టాను. అదీ తిన్నాడు. లైల్ వచ్చి పార్కింగులో ఎవరో నీ కారు కడుగుతున్నారని చెప్పాడు. ఆయన పరుగున వెళ్ళి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ లేరని నిర్ధారించుకుని వచ్చాడు. ఈసారి గుమ్మడి పై ముక్క చేతికిచ్చాను.

"సబ్బూ," అన్నాడు నా కళ్ళలోకి చూసి, "ఇన్నేళ్ళలో నువ్వు నాకు గ్లాసుడు నీళ్ళిచ్చిన పాపాన పోలేదు. లోపల ఏం జరిగింది?"

నేను జవాబు వెతుక్కుంటూండగానే ఆయనకి నా భుజం మీదుగా ఆ వెలుగు కనిపించింది. పై ముక్క తిరిగి నా చేతిలో పెట్టి నడిచాడు. దారిలో అందరూ పక్కకి తప్పుకున్నారు. పెట్టె ముందు ఆగాడు. జేబులోంచి లెన్సు తీశాడు. వంగలేదు, దాన్ని కంటి దాకా తీసుకెళ్ళలేదు. అలాగే చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత తెల్లబడ్డాయి. కప్పులో కాఫీ తొణికి చొక్కా మీద పడింది. దాన్నీ తుడవలేదు.

"ఎలా ఉన్నాయి డెల్?" అంది ఐవా. "ఆయన చూస్తే సంతోషించేవాడు కదూ?"

డెల్బర్ట్ నోరు తెరిచాడు. అంతలో షికాగో నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు బల్ల దగ్గరికి వచ్చాడు. మెడలో తాడు టై, వేళ్ళకి ఉంగరాలు, పేరు హాలండర్. ఊరూరా ప్రదర్శనలకి తిరుగుతూ మంచి నాణెం కనిపిస్తే ఎగరేసుకుపోయే రకం. పెట్టె మీదకి వంగి చూసి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు హాలు చివరిదాకా వినిపించింది.

"వీటిని తోమిన మహానుభావుడెవరండీ?" అన్నాడు.

"నేను," అన్నాడు డెల్బర్ట్.

వంటగదిలో ఎవరో గరిటె జారవిడిచారు. హాలండర్ నిటారుగా లేచి డెల్బర్ట్‌ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆయన ఎవరో వాడికి బాగా తెలుసు. ఒకప్పుడు వాడు డాలరు బిళ్ళని చొక్కా అంచుతో రుద్దితే, డెల్బర్ట్ వాణ్ణి హాలు బయటిదాకా తరిమాడు.

కానీ వాడికంటే ముందు ఐవా లేచింది. ఆవిడ ముఖం కందిపోయింది.

"అదేంటి డెల్? వారం రోజులు వేళ్ళు పగిలేలా తోమింది నేనైతే, పేరు నీకా?"

"తోమింది మీరే ఐవా. తోమమన్నది నేను."

"నాకెప్పుడు చెప్పావు?"

"మీకు కాదు, క్లీట్‌కి చెప్పాను. వాడు మీతో అనలేదా?"

"ఆయన నాతో ఏదీ చెప్పేవాడు కాదు."

"అదీ సంగతి," అన్నాడు డెల్బర్ట్.

ఐవా కాస్త మెత్తబడి కూర్చుంది. హాలండర్ మాత్రం వదల్లేదు. తోమమని చెప్పింది మీరా అన్నాడు. ఆ కప్పు పట్టుకుని తిరిగే మీరా అన్నాడు. డెల్బర్ట్ తను మారానన్నాడు. ఎప్పటినుంచి అంటే క్లీట్ ఉన్నప్పటినుంచే అన్నాడు. హాలండర్ నవ్వుతూ చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, అయితే ఆ కప్పు కడిగి చూపించండి, అప్పుడు నమ్ముతానన్నాడు.

డెల్బర్ట్ కప్పులోకి చూశాడు. ఐవా వైపు చూశాడు. ఆవిడ ముత్యాల దండ సర్దుకుంటూ, విషయమేమిటో తెలియక, ఆయన్ని చూసి నవ్వింది. ఆయన మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగి, కప్పు నా వైపు చాపాడు.

"సబ్బూ, దీన్ని కడుక్కురా."

 నేను ఆయన్ని ఎన్ని విధాల వేధించానో, ఈ రోజు కోసం ఎన్నేళ్ళు ఎదురు చూశానో ఊరందరికీ తెలుసు. తీరా ఆ కప్పు చేతికొచ్చేసరికి పసిపిల్లని ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకున్నాను.

"వేడి నీళ్ళా, చన్నీళ్ళా?" అన్నాను.

"వేడివే," అన్నాడు కళ్ళు మూసుకుని.

వంటగదిలో ఆ కప్పుతో నేను పడిన పాట్లు చెప్పను. మొదటి నీళ్ళు నల్లగా పోయాయి, రెండో నీళ్ళూ నల్లగానే పోయాయి. చాకుతో గీకితే పెచ్చులుగా వచ్చింది. లైల్ వచ్చి పక్కన నిలబడి చూశాడు, తర్వాత ఇంకొందరు వచ్చారు. చివరికి అడుగు బయటపడింది. తెల్లటి పింగాణీ మీద ఎర్ర జుట్టుతో, నీలం తోకతో ఒక కోడిపుంజు బొమ్మ. అది అక్కడుందని మాలో ఎవరికీ తెలియదు. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు లోపలికి చూసి, "ఓహో, నువ్వింకా ఉన్నావా," అన్నాడు దానితో.

హాలండర్‌కి ఇక అనడానికేమీ మిగల్లేదు. ఇంకో బల్ల వైపు వెళ్ళిపోయాడు. వాడి వెనకే డెల్బర్ట్ వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడతో ఒక్క మాటన్నా నీ కొట్టులో ప్రతి నాణేనికీ నేనే నంబరు వేస్తానన్నాడని తర్వాత తెలిసింది. వాడు ఆ మధ్యాహ్నమే సామాను సర్దుకుని షికాగో దారి పట్టాడు. క్లబ్బులో మిగతావాళ్ళని కూడా డెల్బర్ట్ ఒక్కొక్కరినీ మూలకి తీసుకెళ్ళి అదే మాట చెప్పాడు. అంత భయంకరమైన బెదిరింపు మా ఊళ్ళో అంతకు ముందు వినలేదు.

ఆయన తిరిగి వచ్చాక ఐవా అడిగింది, వీటికి నంబరెంత వేస్తావని.  నంబర్ల విషయంలో ఆయన అబద్ధం చెప్పడు, చెప్పలేడు.

"ఇవాళ నంబర్లు వేయలేను. కళ్ళజోడు మర్చిపోయాను."

"నీ ముక్కు మీదే ఉంది కదయ్యా."

"ఇది దూరపు చూపుది," అన్నాడు. వెంటనే చొక్కా చేతిని అరచేతి దాకా లాక్కుని, పెట్టె మీది గాజుని ఈ మూల నుంచి ఆ మూల దాకా తుడిచాడు. నేను చూశాను. నేనే కాదు, హాలంతా చూసింది. ఆయన తుడిచాడు.

తర్వాత గొంతు పెంచి, అందరూ వినేటట్టు, ఆ 1877 పెన్నీ సంగతి చెప్పాడు. "మిల్లర్ వాళ్ళ పొలం వేలం పాటలో ఒక బొత్తాల డబ్బా ఉంది. నేను చూసి వదిలేశాను. క్లీట్ ఆ డబ్బా మొత్తం పాడుకున్నాడు. బొత్తాలెందుకురా అని నేను నవ్వాను. ఇంటికెళ్ళి కుమ్మరిస్తే అడుగున ఇది. మన జిల్లాలో అందరికంటే మంచి కన్ను నాదనుకునేవాణ్ణి. కాదు, వాడిది. అది వాడి మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. ఐవా లేచి నిలబడి ఆ చప్పట్లన్నీ విన్నది, ఒక్కటి కూడా వదల్లేదు. చప్పట్లు ఆగాక చేతిరుమాలు తీసి, "అందుకేనన్నమాట ఇంటినిండా అన్ని బొత్తాలు," అంది.

ఇంతటితో అయిపోతే డెల్బర్ట్ అదృష్టవంతుడయ్యేవాడు. కానీ తోమమని సలహా ఇచ్చింది తనేనని పదిమందిలో చెప్పాడు కదా. ఐవా ఆ మాట గట్టిగా పట్టుకుంది. తర్వాతి గురువారమే టూత్‌పేస్టూ గుడ్డలూ సంచిలో వేసుకుని కొట్టుకి వచ్చింది. నీ నాణేలన్నీ ఎంత నల్లగా ఉన్నాయి డెల్, నువ్వొక్కడివీ ఎన్నని తోముకుంటావు అంది. ఆయన గోడ మీద దబదబా బాదాడు. నేను వెళ్ళి చూస్తే, గల్లా వెనక రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉన్నాడు.

"సబ్బూ, నీ మెషిన్లలో పావు డాలరు బిళ్ళలుంటాయి కదా. నేను నీ దగ్గర దాచిన ఆ అపురూపమైనవి. ఒకసారి పట్రా."

అప్పటినుంచి ప్రతి గురువారం, జనం ఉతుకు కూలికి నా మెషిన్లలో వేసిన చిల్లర పక్క కొట్టుకి వెళ్ళి, తళతళలాడుతూ తిరిగి వస్తుంది. ఐవా తోముతూ క్లీట్ కబుర్లు చెబుతుంది. డెల్బర్ట్ ఎదురుగా కూర్చుని, టూత్‌పేస్టు వైపు చూడకుండా పైకప్పు చూస్తూ వింటాడు. ఆవిడ ఒకటి పూర్తి చేసి చూపించినప్పుడల్లా పంటినొప్పి ఉన్నవాడిలా తల ఊపుతాడు. ఒక్క గురువారం కూడా కొట్టు మూయలేదు. ఇండియానా మొత్తంలో నా లాండ్రీలో ఉన్నంత అందమైన చిల్లర ఇంకెక్కడా ఉండదు.

మనిషి నిజంగానే మారాడనుకుని, మే నెలలో ఒక సోమవారం నేను బక్కెట్టూ గుడ్డా తీసుకుని ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇంత చేసినవాడు గాజు కడగనివ్వడా అని. బయటికి వచ్చి చూశాడు. నేను కాచుకుని నిలబడ్డాను.

"కడుగు," అన్నాడు. "ఆ కింది మూల తప్ప."

కింది మూలలో, మోకాలి ఎత్తున, గాజు మీద ఒక జిడ్డు మరక ఉంది. దాని పక్కన ముట్టుకోవద్దని చీటీ అంటించి ఎన్నాళ్ళయిందో. దారిన పోతూ ఎన్నోసార్లు చూసి మొహం చిట్లించుకున్నాను.

"అదేం అపురూపమయ్యా, జిడ్డు మరక."

"వంగి చూడు." జేబులోంచి లెన్సు తీసి ఇచ్చాడు. ఆయన తన లెన్సు ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు.

వంగి చూశాను. గుండ్రంగా ఒక ముద్ర. మధ్యలో రెండు చిన్న సున్నాలు, చుట్టూ సన్నటి గీతలు, కిందికి జారిన చొంగ చార. ఒక పక్కన పొడుగు చెవి కొస తగిలిన గుర్తు. 

"మా గ్రేవీ ముక్కు," అన్నాను.

"చివరిసారి వచ్చినప్పటిది," అన్నాడు, వీధి వైపు చూస్తూ. "చెయ్యి పడలేదు, గుడ్డ పడలేదు. వాన తగలకుండా పైన రేకు కూడా కొట్టాను. అరవై ఎనిమిది వేశాను."

"డెబ్భై ఎందుకు వేయలేదు?" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది.

"తల తిప్పాడు. బేకన్ చూశాడు కదా, ఆగలేదు. అది రెండు నంబర్ల తప్పు."

గాజంతా కడిగి, ఆ మూల మాత్రం వేలితో హద్దు గీసుకుని వదిలేశాను. కడిగిన గాజులో ఆ మరక ఇంకా బాగా కనిపిస్తోంది. పోతూ వస్తూ నేను దానికి పలకరింపుగా తల ఊపుతాను. ఊపినట్టు ఎవరికీ చెప్పను.

మొన్న జూలైలో స్వాతంత్ర్య దినం ఊరేగింపు కోసం వీధిని అందంగా తయారు చేస్తామంటూ ఊరి కమిటీలో ఒకావిడ చేతిలో స్ప్రే సీసాతో బయల్దేరింది. నేను లాండ్రీలో దుప్పటి మడత పెడుతూ చూశాను. ఆమె మందుల షాపు గాజు తుడిచింది, ఇవతలికి జరిగింది, గుడ్డ మడిచి మోకాలి ఎత్తుకి వంగింది. దుప్పటి ఎక్కడ పడేశానో నాకు తెలియదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరిగెట్టినట్టు పరిగెత్తాను.

"తుడవొద్దు," అన్నాను, ఆవిడకీ గాజుకీ మధ్య నిలబడి.

లోపల డెల్బర్ట్ తల ఎత్తి చూశాడు.  కప్పు ఎత్తి నా వైపు చూపించి తాపీగా ఒక గుక్క తాగాడు. ఫైర్ స్టేషన్ హాలు తర్వాత ఆ కప్పుని మళ్ళీ కడగలేదు. కోడిపుంజు ఇప్పటికే తోక దాకా మునిగిపోయింది.